పేజీల గడి తీసేశాం

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి ఒకటి, రెండు తరగతుల పిల్లల డైరీలో "ఇంట్లో చదివిన పేజీలు" అనే గడి కనిపించదు. ప్రింటింగులో పొరపాటు కాదు, నేనే తీయించాను. పోయినేడు దాన్ని పెట్టించిందీ నేనే కాబట్టి, కారణం చెప్పాల్సిందీ నేనే.

ఆ గడి ఎలా నిండేదో మీకూ తెలుసు, మాకూ తెలుసు. వారం మొత్తానికి ఒకే పెన్ను, ఒకే దస్తూరి, సోమవారం నుంచి ఆదివారం దాకా నాలుగు, నాలుగు, నాలుగు. దానికి నాకేమీ కోపం లేదు. రోజంతా పనిచేసి అలసిపోయినవాళ్లని అంకెలడిగితే అంకెలే వస్తాయి. నన్ను పట్టుకున్నది వేరే మాట. ఒక నాన్నగారు గేటు దగ్గర నవ్వుతూ చెప్పారు: "మా పాప బొమ్మలో పిల్లిపిల్లని చూసి, దీని వాళ్లమ్మ ఏదీ అనడిగిందండీ. అది తర్వాత చూద్దాం, ముందు పేజీ కానివ్వు అన్నాను. డైరీలో రాయాలి కదా!" ఆయనతోపాటు నేనూ నవ్వాను గానీ, గదిలోకి వచ్చి కూర్చున్నాక ఆ పిల్లిపిల్ల నన్ను వదల్లేదు. పాప అడిగిందే అసలు చదువు. దాన్ని పక్కకి నెట్టించింది మా గడి.

చిన్నపిల్లలతో పుస్తకం ముందుకు సాగదు. సాగకపోతేనే బాగుంటుంది కూడా. మూడో పేజీలో చీమ కనిపిస్తే అక్కడే మకాం. చీమకి ఇల్లెక్కడ, చీకటి పడితే ఎలా వెళ్తుంది, మన ఇంట్లో చీమలున్నాయా. అందరూ లేచి గోడ వార వెతకడం. కథ అక్కడే ఉండిపోతుంది, ఆ సాయంత్రం మాత్రం గుర్తుండిపోతుంది.

మా చిన్నవాడికి మూడేళ్లప్పుడు ఒక పుస్తకం మీద పిచ్చి పట్టుకుంది. గాలికి గొడుగు ఎగిరిపోయిన బాతు కథ. రోజూ రాత్రి అదే. అయిపోగానే "మళ్లీ". రెండు పేజీలు కలిపి తిప్పేస్తే దొరికిపోయేదాన్ని. ఒకరోజు ఇక నా వల్ల కాక దాన్ని బీరువా మీద దాచేశాను. వాడు వెతికాడు, ఏడ్చాడు. నేనూ వాడితోపాటు వెతుకుతున్నట్టు నటించాను (నిజమే చెప్పాలని బడిలో పిల్లలకి పాఠం చెప్పే మనిషిని!). మూడో రోజు మధ్యాహ్నం చూస్తే, వాడు తన బొమ్మలన్నిటినీ గోడకి ఆనించి వరసగా కూర్చోబెట్టి, చేతిలో ఒక ఖాళీ అట్టముక్క పట్టుకుని కథంతా చదివేస్తున్నాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. గొడుగు ఎగిరే చోట మాత్రం ఆగి, గట్టిగా దగ్గాడు. అప్పట్లో నాకు రాత్రిపూట దగ్గొచ్చేది. అదీ కథలోదే అనుకున్నాడు. కుర్చీ వేసుకుని బీరువా మీంచి పుస్తకం దించాను.

ఆ "మళ్లీ"కి అర్థముందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో మూడేళ్ల పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే కథని మళ్లీ మళ్లీ విన్న పిల్లలకి అందులోని కొత్త మాటలు బాగా నిలిచాయి. అవే మాటల్ని అన్నిసార్లే, కాకపోతే వేర్వేరు కథల్లో విన్నవాళ్లకి అంతగా నిలవలేదు. నాకిది సబబుగానే తోస్తుంది. తర్వాత ఏమవుతుందోనన్న కంగారులో ఉన్నవాడికి మాటల వైపు చూసే తీరిక ఎక్కడిది?

ఇక ఆ మాటలు బయటికొచ్చే తీరు చూడాలి. రెండో తరగతి పిల్లవాడొకడు మొన్న టీచరు దగ్గరికి వచ్చి, "టీచర్, నా రబ్బరు అంతర్ధానమైంది" అన్నాడు. మనం ఇంట్లో "కనబడట్లేదు" అంటాం, "ఎక్కడ పడేశావ్" అంటాం. అంతర్ధానం కావడం కథల్లోనే జరుగుతుంది. ఇంగ్లీషులో 1988లో వచ్చిన ఒక పరిశోధన కూడా ఇదే తేల్చింది: బాగా చదువుకున్న పెద్దలు కబుర్లు చెప్పుకునేటప్పుడు వాడేవాటికన్నా, పిల్లల పుస్తకాల్లోనే అరుదైన మాటలు ఎక్కువ. (రబ్బరు దొరికింది. పక్కవాడి జేబులో.)

"పిల్లలు వాళ్ల అమ్మమ్మ దగ్గరే ఉంటారండీ, ఆవిడకి చదువు రాదు" అని ఒక తల్లి మొహమాటపడుతూ చెప్పారు. అమ్మా, అందులో మొహమాటమేమీ లేదు. పెద్దవాళ్లు చదివి వినిపిస్తుంటే చిన్నపిల్లల కళ్లు ఎటు తిరుగుతున్నాయో కెనడాలో ఇద్దరు పరిశోధకులు పరికరాలతో పట్టి చూశారు. 2005లో ప్రచురించారు. పిల్లల చూపు దాదాపు అంతా బొమ్మల మీదే ఉంది, అక్షరాల వైపు పోయింది చాలా తక్కువ. అంటే అమ్మమ్మ చూస్తున్నదీ మనవరాలు చూస్తున్నదీ ఒకటే. పైగా అమ్మమ్మ రోజుకో కథ అల్లుతుంది. "నిన్న నక్క మంచిదన్నావుగా" అని మనవరాలు నిలదీస్తుంది. అంతకుమించిన పాఠం మేం మాత్రం ఏం చెప్పగలం? గుణింతాలు, ఒత్తులు నేర్పడం మా పని. దానికి మాకు జీతమిస్తున్నారు.

ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే వాళ్లనీ పక్కన పడుకోబెట్టుకోండి. పుస్తకం నమిలితే నమలనివ్వండి, ఆ వయసులో పుస్తకంతో పరిచయం నోటితోనే. తల్లి గర్భంలో ఉండగా చివరి వారాల్లో రోజూ విన్న కథని, పుట్టి రెండు మూడు రోజులైన పసివాళ్లు వేరే కథ నుంచి గుర్తుపట్టారని 1986లోనే తేలింది.

ఇదంతా విని, రోజూ రాత్రి చదవాల్సిందేనని కొత్త భారం నెత్తికెత్తుకోకండి. ఒంట్లో ఓపిక లేని రోజు చదవకండి. విసుగుతో చదివితే పిల్లలకి తెలిసిపోతుంది, బాతుకి కూడా తెలిసిపోతుంది. ఆ రోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ జత సాక్సు వెతికిపెట్టమనండి. ఒంటరి సాక్సు ఎక్కడికి పారిపోయిందో వాళ్లే చెబుతారు.

గడి స్థానంలో ఏం పెట్టారని టీచర్లు అడిగారు. ఏమీ పెట్టలేదు. తెల్లగా వదిలేశాం. పిల్లలు బొమ్మ వేసుకుంటే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. దాన్ని ఎవరూ దిద్దరు, మార్కులు వేయరు.

శుక్రవారం పుస్తకాల సంచీ ఎప్పటిలాగే ఇంటికొస్తుంది. పేజీ చిరిగితే భయపడి దాచకండి, జరిమానా లేదు. ఆ పుస్తకం పంపించండి, ఇక్కడ టేపు ఉంది. ఉదయం గంట కొట్టడానికి ముందు పావుగంట ఒకటో తరగతి గదిలో చాప పరిచి ఉంటుంది. మీరూ కూర్చుని చదవచ్చు, చంటిపిల్లలతో వచ్చినా సరే.

బాతు పుస్తకం నా గదిలో ఉంది. వెనక అట్ట లేదు, ఏడో పేజీ మీద క్రేయాన్ గీతలున్నాయి. ఎవరికైనా కావాలంటే అడిగి తీసుకెళ్లండి. గొడుగు ఎగిరే చోట దగ్గాలి, మరిచిపోకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు