కావిడి మోసినవాడు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు అన్నది ఇంకా చెవిలోనే ఉంది. "సార్ నన్ను వెనక్కి వేశారు నాన్నా. బంతి లాక్కుని పక్కవాళ్ళకి ఇవ్వడమే నా పని. గోల్ కొట్టేది వేరేవాళ్ళు." ఫోన్‌లో నాకు సమయానికి మాట తోచదని నీకు తెలుసుగా. అందుకే కాగితం తీశాను.

1998 జూలైలో ఒక అర్ధరాత్రి, అంటే నువ్వు పుట్టకముందు, ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ చూశాను. బ్రెజిల్ మీద ఫ్రాన్స్ 3-0. ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో రెండు గోల్స్ కొట్టాడు. చూస్తున్నవాళ్ళందరూ జిదాన్ జిదాన్ అని ఒకటే గోల. తీరా చూస్తే కప్పు అందుకుని పైకెత్తింది వేరే మనిషి. మ్యాచ్ మొత్తం కళ్ళార్పకుండా చూసి కూడా, అతను ఏం చేశాడో చెప్పమంటే నేను చెప్పలేకపోయేవాణ్ణి. అతనే ఆ జట్టు కెప్టెన్ డిడియర్ డెషాంప్స్. (ఫ్రెంచివాళ్ళు దెషాం అంటారట, మనమూ అలాగే అందాం.)

దేశం తరఫున 103 మ్యాచ్‌లు ఆడి కొట్టింది 4 గోల్స్. ఆడింది నువ్విప్పుడు వద్దంటున్న చోటే. అదే దేశపు స్టార్ కాంటోనా ఒకసారి అతన్ని "నీళ్ళు మోసేవాడు" అని ఎగతాళి చేశాడు, ఇలాంటివాళ్ళు ఏ వీధి మలుపులోనైనా దొరుకుతారన్నాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి చెరువు నుంచి కావిడితో నీళ్ళు తెచ్చే మనిషిని చూసేవాణ్ణి. పప్పు బాగుందని అందరూ వంటవాణ్ణే మెచ్చుకునేవారు. కావిడి ఒక్క పావుగంట ఆలస్యమైతే మాత్రం గాడిపొయ్యి దగ్గర కేకలు మొదలయ్యేవి.

ఆ నీళ్ళు మోసేవాడే 1993లో, పాతికేళ్ళు కూడా నిండకుండా, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ క్లబ్ కెప్టెన్‌గా ఛాంపియన్స్ లీగ్ కప్పు, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, ఎత్తాడు. అదే ఏడాది నవంబరులో పారిస్‌లో బల్గేరియా ఆఖరి నిమిషంలో గోల్ కొట్టింది, ఫ్రాన్స్‌కి ప్రపంచకప్ ప్రయాణమే లేకుండా పోయింది. ఆ రోజు మైదానంలో అతనూ ఉన్నాడు.

తర్వాత కోచ్ అయ్యాడు. మొనాకో క్లబ్‌ని 2004 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళి ఓడాడు. 2006లో స్కాండల్‌తో రెండో డివిజన్‌కి దిగజారిన ఇటలీ క్లబ్ జువెంటస్ బాధ్యత తీసుకున్నాడు. అది ఒకప్పుడు తను ఆడిన జట్టే. పాయింట్ల కోతతో మొదలుపెట్టినా అందరికంటే పైన నిలిపి, మళ్ళీ పై డివిజన్‌కి చేర్చి, అక్కడ పొసగక వెళ్ళిపోయాడు. 2010లో మార్సెయ్‌కి 18 ఏళ్ళ తర్వాత లీగ్ టైటిల్ తెచ్చిందీ అతనే.

అతని జట్ల ఆట నాకు అన్నిసార్లూ నచ్చదు, నిజం చెప్పాలి. మరీ జాగ్రత్త. అతను ఫ్రాన్స్ కోచ్‌గా ఉండగా, 2016 యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్లో సొంతగడ్డ మీద, రొనాల్డో గాయంతో మొదట్లోనే బయటికి వెళ్ళిపోయిన పోర్చుగల్ చేతిలో ఓడితే టీవీ ముందు కూర్చుని ఎన్ని తిట్లు తిట్టానో మీ అమ్మనడుగు.

2018లో మాత్రం నోరు మూసుకున్నాను. జిరూ అని సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందుండి గోల్ కొట్టాల్సినవాడు, ఆ ప్రపంచకప్ మొత్తంలో గోల్ వైపు సరిగ్గా వెళ్ళిన షాట్ ఒక్కటీ లేదు. పేపర్లవాళ్ళు నవ్వారు. దెషాం అతన్ని తీసెయ్యలేదు. జిరూ డిఫెండర్లని తన మీదికి లాక్కుంటే తోటి ఆటగాళ్ళు గ్రీజ్‌మన్‌కీ ఎంబాపేకీ జాగా దొరికేది. అది దెషాం ఒకప్పుడు తను చేసిన పనిలాంటిదే కదా, అందుకే అతని కంటికి ఆనింది. క్రొయేషియా మీద 4-2తో కప్పు గెలిచాక అతను ప్రెస్‌మీట్‌లో కూర్చుంటే, కుర్రాళ్ళు సీసాలతో లోపలికి దూసుకొచ్చి అతన్ని నిలువునా తడిపేశారు, టేబుల్ ఎక్కి గంతులేశారు. ఆటగాడిగానూ కోచ్‌గానూ ప్రపంచకప్ గెలిచినవాళ్ళు అప్పటికి ఇద్దరే, బ్రెజిల్ జగాలో, జర్మనీ బెకెన్‌బావర్. ఇతను మూడోవాడు.

సార్ నిన్ను అక్కడ ఎందుకు వేశారో నాకు తెలియదు. ఒకసారి నువ్వే అడుగు, అలగకుండా. ఆదివారం మ్యాచ్ ఎవరినైనా ఫోన్‌లో తీయమను. ఈసారి బంతి వెంట కాదు, నీ వెంటే చూస్తాను. షిన్‌గార్డులు పగిలాయన్నావుగా, కొత్తవి కొన్నాను. అమ్మ చేసిన సున్నుండలతో పాటు సోమవారం కొరియర్‌లో వేస్తాను.

మీ నాన్న