బుడమేరు నీటిమట్టం కూడా రోజూ పేపర్లో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను విజయవాడ పాయకాపురంలో ఉంటాను, ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. గట్టిగా వాన పట్టిందంటే చాలు మా వీధిలో ఆడవాళ్ళం ముందు వెళ్ళి బాత్రూం తూము చూస్తాం. ఎందుకంటే 2024 సెప్టెంబర్ 1 ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి నీళ్ళు ముందు అందులోంచే బుడబుడమని పైకి తన్నాయి. డ్రైనేజీ జామ్ అయిందనుకుని గోనెసంచి కుక్కి దాని మీద రాయి పెట్టాను, అరగంటకి ఆ రాయి కనపడలేదు. మధ్యాహ్నానికి మెషిన్ బల్ల మునిగింది, సాయంత్రానికి స్విచ్ బోర్డు దాకా వచ్చింది.

అప్పటికి వినాయక చవితి ఇంకా ఆరు రోజులే ఉంది. కస్టమర్ల బ్లౌజులు కుట్టేసినవి హ్యాంగర్లకి ఉన్నాయి, ఫాల్స్ కోసం ఇచ్చిన పట్టుచీరలు కింది అరలో ఉన్నాయి. ఒక గంట ముందు ఎవరైనా ‘నీళ్ళొస్తున్నాయి’ అని ఒక్క కేక వేసి ఉంటే అవన్నీ మూట కట్టి పైకి చేర్చేదాన్ని, అదేం పెద్ద పని కాదు. ఎర్ర లైనింగ్ రంగు దిగి ఒకావిడ పెళ్ళినాటి చీర పాడైపోయింది, ఆవిడ నన్నేమీ అనలేదు గానీ ఆ చీర చేతిలో పెట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడింది.

పై ఇంటి అక్క తలుపు తీసి అందర్నీ పైకి రమ్మంది. రెండు గదుల్లో పంతొమ్మిది మందిమి, కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, అమ్మ బీపీ బిళ్ళలు కింద ఉండిపోయాయి. డాబా మీద పడ్డ వాన నీళ్ళు బిందెల్లో పట్టి కాచుకుని తాగాం. చుట్టూ అంత నీరుండి తాగడానికి గుక్కెడు లేకపోవడమంటే ఏంటో అప్పుడు తెలిసింది.

తర్వాత జరిగింది తక్కువేం కాదు, అది చెప్పకపోతే తప్పు. బోట్లొచ్చాయి, డ్రోన్లతో తిండి పంపారు, ఫైరింజన్లతో ఇళ్ళు కడిగించారు, బుడమేరు కాలవ కట్ట మీద ఆర్మీ వాళ్ళు కూడా వచ్చి పగలూ రాత్రీ పనిచేసి గండ్లు పూడ్చారు, కింది అంతస్తు వాళ్ళకి పాతికవేలు, పై వాళ్ళకి పదివేలు ఇచ్చారు. నా బాధంతా వరదకి ముందు ఏం చేశారని, మళ్ళీ వరద వస్తే ముందు ఏం చేస్తారని.

బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అంటారని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. ఇది ఎక్కడో తెలియని ఏరు కాదు కదా, మైలవరం వైపు కొండల నీళ్ళు మోసుకొచ్చి ఊరి పక్కనుంచి కొల్లేట్లో కలుస్తుంది. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర నీళ్ళని ఆపి వదిలే గేట్ల రెగ్యులేటర్ పెట్టి, అక్కణ్ణుంచి డైవర్షన్ కాలవ తవ్వి నీళ్ళని కృష్ణలోకి మళ్ళించారు. ఆ కాలవ పట్టేది పదిహేను వేల క్యూసెక్కులైతే ఆ రోజు దానికి రెట్టింపు పైన వచ్చింది, అటు చూస్తే కృష్ణ కూడా నిండుగా ఉంది, నిండిన నది ఈ నీళ్ళని లోపలికి తీసుకోదు, ఎదురు తంతుంది. ఇక కాలవ కట్ట మూడు చోట్ల తెగింది, వెలగలేరు గేట్లెత్తితే ఆ నీళ్ళూ పాత బుడమేరులోకే వచ్చాయి, ఆ పాత ఏరేమో పూడిక, గుర్రపుడెక్క, ఇళ్ళు, గోడలతో సగానికి సగం అయిపోయి ఉంది. ఇంకేముంది, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక అన్నీ చెరువైపోయాయి. 2005లోనూ ఇదే ఏరు, ఇదే సెప్టెంబర్. కాలవ వెడల్పు చేస్తాం, ఆక్రమణలు తీస్తాం అనే మాట అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది. ఆక్రమణల్లో ఉన్నది కూడా ఎక్కువమంది మాలాంటి బీదాబిక్కీనే, వాళ్ళకి వేరే చోటు చూపించి తియ్యాలి గానీ వరదొచ్చినప్పుడు తిట్టి తర్వాత వదిలేస్తే ఏం లాభం?

పని చేస్తే ఫలితం ఎట్లా ఉంటుందో మా ఊళ్ళోనే ఉంది. కృష్ణ ఒడ్డున ఉన్న కృష్ణలంకలో మా పిన్ని వాళ్ళుంటారు. ఇదివరకు బ్యారేజీ నుంచి నీళ్ళొదిలారంటే రాణిగారితోట వైపు జనం మంచాలు, సామాన్లు తీసుకుని పరిగెత్తేవాళ్ళు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ లేనంత వరద, అయినా నది ఒడ్డున కట్టిన గోడ వాళ్ళని కాపాడింది. ఆ రిటైనింగ్ వాల్ రెండు ప్రభుత్వాల హయాంలో విడతలుగా కట్టారు, దాంట్లో నాది గొప్ప నీది గొప్ప అనే గొడవ మాకొద్దు, గోడ ఉంది జనం బతికారు అంతే. అదే పట్టుదల బుడమేరు మీద ఎందుకు ఉండదు?

సరే, కాలవలకీ కట్టలకీ కోట్లు కావాలి, టైం కావాలి అనుకుందాం. ముందు చెప్పడానికి ఏం కావాలి? కృష్ణకి 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది, అది టీవీలో రాగానే నది ఒడ్డు వాళ్ళకి ఏం చేయాలో తెలుసు. వెలగలేరులో ఎంత వస్తే మా వీధికి ప్రమాదమో మాకెవరైనా చెప్పారా? నీళ్ళేమీ అక్కణ్ణుంచి క్షణంలో దూకి రావు, మా దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది, ఆ గంటలే మాకు కావాల్సింది. ఫోన్లకి మెసేజ్‌లైతే వస్తాయి, భారీ వర్షం పడుతుంది చెట్ల కింద నిలబడకండి అని. అది జిల్లా మొత్తానికీ ఒకటే, దాన్ని చూసి పాయకాపురంలో ఉన్నదాన్ని నేను ఇల్లు ఖాళీ చేయాలా వద్దా ఎట్లా తెలుస్తుంది? ఓట్లప్పుడు మా సందులోకి మైకు ఆటో రోజుకి నాలుగుసార్లు వచ్చింది, ఆ ఆదివారం ఒక్కటి రాలేదు.

ప్రతి వీధిలో కరెంటు స్తంభానికి 2024లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో పెయింట్‌తో గీత గీయండి. నడవలేని వాళ్ళు, నిండు చూలాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో లిస్టు ముందే వార్డు సచివాలయంలో ఉండాలి. బోట్లు ఎక్కణ్ణుంచో వచ్చేలోపు ఇక్కడే నాలుగు ఉంచండి. డ్రైన్లలో పూడిక మే నెలలోనే తీయాలి, వాన మొదలయ్యాక తీసి గట్టు మీద పోస్తే రెండు జల్లులకే మళ్ళీ అందులోకే పోతుంది, ఇది మేం ఏటా చూస్తున్నదే.

మేం చేసుకోగలిగింది మేం చేసుకున్నాం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు బుక్కు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచాను, అమ్మ బిళ్ళలు ఒక నెలవి పై ఇంటి అక్క దగ్గర ఇచ్చాను, కుట్టిన బట్టలు ఏ రోజువి ఆ రోజే పై అరలో పెడుతున్నాను.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. మీ పేపర్లో శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు వేస్తారు కదా, వాటి కిందే ఇంకొక లైను వెలగలేరుది వేయండి, వచ్చే నీళ్ళెన్ని, గేట్లు ఎన్ని ఎత్తారు అని. అధికారుల దగ్గర రోజూ అడిగి వేయండి. మా వీధిలో పొద్దున్నే టీ బడ్డీ దగ్గర పేపర్ గట్టిగా చదివే పెద్దాయన ఉన్నాడు, ఆయన చదివితే అందరికీ తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాయకాపురం, విజయవాడ