వార్షిక నివేదిక: ఈక్వడార్ పక్షుల యాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో ఎక్కువ శ్రమ, ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఈక్వడార్ యాత్రదే. అందుకే నివేదికలో సింహభాగం దానికే ఇస్తున్నాం. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో పెరటి పక్షుల లెక్క, చెరువుల దగ్గర నెలవారీ నడకలు ఎప్పటిలాగే సాగాయి. వాటి జాబితాలు ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో ఉన్నాయి. జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం.

ఈక్వడార్‌నే ఎందుకు ఎంచుకున్నాం

విస్తీర్ణంలో ఈక్వడార్ దాదాపు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత. అందులో 1,600కు పైగా పక్షిజాతులు ఉన్నాయి. భారతదేశం మొత్తం మీద నమోదైనవి 1,350 ప్రాంతం. అంత చిన్న నేలలో అన్ని జాతులు ఉండటానికి ముఖ్య కారణం ఆండీస్ పర్వతాలు. 4,000 మీటర్ల కనుమ దగ్గర బయలుదేరి రోడ్డు మీద దిగుతూ పోతే ఒక్క రోజులోనే పచ్చిక మైదానం, పొట్టి చెట్ల అడవి, మేఘాల అడవి, పర్వతపాదాల అడవి వరసగా దాటుతాం. ఐదారువందల మీటర్లు దిగేసరికి పక్షుల జాబితాలో చాలా భాగం మారిపోతుంది. పర్వతశ్రేణి మధ్యలో అడ్డుగా నిలవడంతో పడమటి వాలులో ఒక జాతి ఉంటే తూర్పు వాలులో దాని దాయాది ఉంటుంది. పడమర వయొలెట్-టెయిల్డ్ సిల్ఫ్ అనే హమ్మింగ్‌బర్డ్, తూర్పున లాంగ్-టెయిల్డ్ సిల్ఫ్. పడమర ప్లేట్-బిల్డ్ మౌంటెన్ టూకాన్, తూర్పున గ్రే-బ్రెస్టెడ్ మౌంటెన్ టూకాన్. కాబట్టి ఒక వాలు చూసి రెండోది కూడా చూసేశామనుకుంటే సగం యాత్ర వదులుకున్నట్టే.

ఎన్ని చోట్లు తిరిగామన్నది కాక, ఒక్కో ఎత్తులో ఎంతసేపు నిలిచామన్నదే ఇక్కడ ఫలితాన్ని తేల్చింది. ముందు ముందు యాత్రలు వేసేవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని కార్యవర్గం కోరుతోంది.

బయలుదేరే ముందు

మొదటి పని ఎల్లో ఫీవర్ టీకా. ఈక్వడార్ నుంచి భారత్‌కు తిరిగి వచ్చేవారి దగ్గర పసుపురంగు టీకా పుస్తకం ఉండాలి, లేకపోతే విమానాశ్రయం నుంచి నేరుగా క్వారంటైన్‌కు పంపొచ్చు. అది 6 రోజుల దాకా ఉంటుంది. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. 60 ఏళ్లు దాటినవారికి ఈ టీకాతో తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. గుడ్డు పడనివారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి కూడా ఇబ్బంది ఉంది. ఈ మూడు రకాలవారూ టికెట్ కొనకముందే డాక్టరును అడగాలి. మన సభ్యుల్లో పదవీ విరమణ చేసినవారు ఎక్కువ కనుక దీన్ని నొక్కి చెబుతున్నాం.

డబ్బు సంగతి: 2000 నుంచి ఆ దేశంలో చెలామణి అయ్యేది అమెరికన్ డాలరే. అయితే ఊళ్లలో 50, 100 డాలర్ల నోట్లు తీసుకోవడానికి వెనకాడతారు. 1, 5, 10, 20 నోట్లు పట్టుకెళ్లాలి. గైడుకు, డ్రైవరుకు, పడవ నడిపేవారికి ఇచ్చే టిప్పు మొత్తాన్ని బయలుదేరకముందే అందరి దగ్గరా సమానంగా వసూలు చేసి కవర్లలో పెట్టుకుంటే చివరిరోజు గందరగోళం ఉండదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. స్పానిష్‌లో 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అంటే అక్కడివాళ్లకు చాలాసార్లు గొడ్డుమాంసం లేకుండా అనే అర్థం, కోడి రావచ్చు. 'సిన్ పోయో, సిన్ పెస్కాదో' అని కోడీ చేపా కూడా వద్దని చెప్పాలి. సూపు కోడి రసంతో కాచారేమో విడిగా అడగాలి. బంగాళదుంప, జున్ను, అవకాడో వేసిన లోక్రో సూపు, అన్నం, చిక్కుడుగింజల కూర, వేయించిన అరటికాయ బిళ్లలు దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. పచ్చడి, పొడి సీసా ఒకటి సంచిలో ఉంటే అన్నం ఇంకాస్త హాయిగా దిగుతుంది.

ఎత్తు క్రమం

రాజధాని కీటో నగరం 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. విమానాశ్రయం తబబేలాలో, సుమారు 2,400 మీటర్ల దగ్గర. మొదటి రాత్రి నగరంలోకి పోకుండా విమానాశ్రయం పక్కనే పుయెంబో ప్రాంతంలో బస చేయడం మేలు: ఎత్తు తక్కువ, నిద్ర ఎక్కువ. అక్కడి నుంచి పడమటి వాలుకు దిగి, కొన్ని రాత్రులు 1,200 నుంచి 2,200 మీటర్ల మధ్య పడుకుని, ఆ తర్వాతే 4,000 మీటర్ల పపయాక్తా కనుమ ఎక్కాలి. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం చిల్లర. దిగిన మర్నాడే కనుమ ఎక్కించే ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో తలనొప్పి, వాంతులతో ఒకరిద్దరు వ్యానులోనే ఉండిపోవడం మామూలు. ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి వాడే అసెటజోలమైడ్ మాత్ర డాక్టరు రాస్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివారు ముందుగా ఆ విషయం చెప్పాలి.

పడమటి వాలు

ఇది చోకో ప్రాంతపు అడవి. కొలంబియా పడమటి భాగం నుంచి ఈక్వడార్ వాయవ్యం దాకా సాగుతుంది, ఇంకెక్కడా లేని పక్షులు ఇందులో చాలా ఉన్నాయి. సుమారు 3,500 మీటర్ల దగ్గర యానకోచా. అది హొకొటోకో ఫౌండేషన్ అనే పక్షుల సంరక్షణ సంస్థ నడిపే అభయారణ్యం. ప్రపంచంలో మిగిలిన కొద్దిపాటి బ్లాక్-బ్రెస్టెడ్ పఫ్‌లెగ్ హమ్మింగ్‌బర్డులకు ఇదే పెద్ద దిక్కు. అది కీటో నగరపు చిహ్న పక్షి కూడా. ఏడాదిలో చాలా నెలలు అది అక్కడ కనపడదు కాబట్టి దాని కోసమే వెళ్లేవారు కాలం చూసుకుని వెళ్లాలి. స్వోర్డ్-బిల్డ్ హమ్మింగ్‌బర్డ్ మాత్రం చక్కెర నీటి సీసాల దగ్గరికి వస్తుంది. తోక వదిలేస్తే ఒంటికన్నా ముక్కు పొడుగ్గా ఉండే పక్షి ప్రపంచంలో ఇదొక్కటే. ఉమ్మెత్త జాతి చెట్లకు వేలాడే పొడుగాటి గొట్టంపూలలో తేనె అందుకోవడానికే ఆ ముక్కు.

సీసాల దగ్గర నిలబడే పద్ధతి గురించి రెండు మాటలు. ఒక పాలు చక్కెర, నాలుగు పాళ్లు నీళ్లు, రంగు కలపకూడదు. వేడిగా ఉండే చోట రోజూ మార్చకపోతే పులిసిపోయి పక్షులకు జబ్బు చేస్తుంది. మంచి లాడ్జీని పోల్చుకోవడానికి సీసాలో నీరు తేటగా ఉందో లేదో చూస్తే చాలు. ఫ్లాష్ వాడొద్దు. సీసాను కాకుండా పక్కనున్న కొమ్మను చూస్తూ ఉండండి. బరిలోకి దిగే ముందు ప్రతి పక్షీ అక్కడ ఓ క్షణం వాలుతుంది, ఫొటోకు అదే అదను.

దిగువన మిండో అనే ఊరి దగ్గర ఆంహెల్ పాస్ అనే రైతు పొలం ఉంది. ఆయన భూమిలో కాక్-ఆఫ్-ద-రాక్ అనే జాతి మగపక్షులు చేరి ఆడే చోటు ఉండటంతో చెట్లు కొట్టడం మాని పక్షులు చూపించడం మొదలుపెట్టారు. తర్వాత జెయింట్ ఆంట్‌పిట్టాకు వానపాములు వేసి మచ్చిక చేశారు. దట్టమైన పొదల కింద నేల మీద తిరిగే ఈ పక్షిని అంతకుముందు కళ్లారా చూసినవారు బహు తక్కువ. ఆ మొదటి పక్షికి ఆయన పెట్టిన పేరు మరియా. 'మరియా, వెంగా, వెంగా' అని పిలుస్తారు. ఇలా తిండి పెట్టడం సరైనదేనా అన్న చర్చ మన సభ్యుల్లోనూ జరిగింది. కార్యవర్గం అభిప్రాయం ఇది: వానపాములు లెక్కగా వేస్తూ, మనుషుల్ని దూరంగా నిలబెట్టి, ఆ డబ్బుతో అడవిని నిలబెడుతున్నంత వరకు సమర్థించదగినదే. రికార్డింగులు మోగించి గంటలతరబడి పక్షిని రప్పించడం కన్నా ఇది చాలా నయం.

కాక్-ఆఫ్-ద-రాక్ ఆట చూడాలంటే వెలుగు రాకముందే చాటులో కూర్చోవాలి. భూమధ్యరేఖ మీద ఏడాదంతా సూర్యోదయం 6 గంటల ప్రాంతంలోనే. అంటే బస దూరాన్ని బట్టి 4:30కు వ్యాను కదలాలి. ఆలస్యమై టార్చిలైట్లతో నడిచి వస్తే పక్షులు చెదిరిపోతాయి.

మిల్పేలో, సుమారు 1,100 మీటర్ల దగ్గర, క్లబ్-వింగ్డ్ మనాకిన్ ఉంటుంది. మగది రెక్కలు వీపు మీద వేగంగా కొట్టి ఈకల రాపిడితో ఫిడేలు తీగలాంటి నాదం పుట్టిస్తుంది. దాని రెక్క ఎముక మిగతా పక్షుల్లోలా బోలుగా కాక గట్టిగా ఉంటుంది. అరుపు అనుకుని గొంతు వైపు చూస్తూ ఉంటే అసలు సంగతి తప్పిపోతుంది. రెక్కలు చూడాలి.

కనుమ, తూర్పు వాలు

పపయాక్తా దగ్గర యాంటెన్నాలున్న గుట్ట సుమారు 4,300 మీటర్లు. రూఫస్-బెల్లీడ్ సీడ్‌స్నైప్ ఉండే చోటు అదే. కౌజుపిట్టంత ఉంటుంది, నేలకు అతుక్కుని పెరిగే మొక్కల మధ్య కదలకుండా కూర్చుంటుంది. కళ్లతో గాలించడం కన్నా గుంపు వరసగా, పది మీటర్ల ఎడంతో, మెల్లగా నడవడం మంచిది. మంచుపొగ కమ్మితే ఏమీ చేయలేం. తెల్లవారగానే గుట్ట మీద ఉండటం, పొగ దిగితే వెంటనే గుయాంగో లాడ్జికి దిగిపోవడం, వీలైతే తిరుగు దారిలో మరోసారి ప్రయత్నించడం. ఈ మూడూ కార్యక్రమ పత్రంలో ముందే రాసి ఉండాలి. గుయాంగో పక్కన పారే ఏటిలో టోరెంట్ డక్ బండరాళ్ల మధ్య ఉధృతమైన నీటికి ఎదురీదుతుంది. వంతెన మీద నుంచి ప్రతి బండనూ టెలిస్కోపుతో చూస్తే దొరుకుతుంది.

ఆంటిసానా అగ్నిపర్వతం వైపు పచ్చిక మైదానంలో ఆండియన్ కాండర్, కారంకులేటెడ్ కారకారా, లా మీకా చెరువులో సిల్వరీ గ్రీబ్. చుకిరాగువా పూలపొదల దగ్గర ఈక్వడోరియన్ హిల్‌స్టార్ అనే హమ్మింగ్‌బర్డ్. రాత్రి చలికి అది ఒంటివేడి బాగా తగ్గించుకుని మొద్దుగా పడి ఉంటుంది, అందుకే పొద్దున్నే కన్నా ఎండ ఎక్కాక వెతకడం సులువు.

అమెజాన్

కీటో నుంచి కోకా అనే ఊరికి విమానంలో అరగంట పైచిలుకు. అక్కడి నుంచి నాపో నది మీద మోటారు పడవలో రెండు మూడు గంటలు, ఆ తర్వాత నల్లనీటి వాగులో తెడ్డు పడవ. సామాను బరువుకు విమానంలోనూ పడవలోనూ పరిమితి ఉంది. మిగతా పెట్టెలు కీటో హోటల్లో వదిలేయాలి.

టవరు ఎక్కడానికి పొద్దు పొడవకముందే బయలుదేరాలి. మన తెల్లబూరుగు జాతి మహావృక్షాల పక్కన 35, 40 మీటర్ల ఎత్తున కట్టిన ఇనుప టవర్లివి. మొదటి రెండు గంటలు విలువైనవి: స్పాంగిల్డ్ కోటింగా, టూకాన్లు, మకావ్ జంటలు. 9 దాటాక వేడిగాలి తెరలు లేచి టెలిస్కోపులో బొమ్మ అలుక్కుపోతుంది, అప్పుడు దిగి అడవి లోపలికి పోవడమే మంచిది. అక్కడ సైనిక చీమల దండు కనిపిస్తే ఆగండి. చీమలు రేపిన పురుగుల్ని తినడానికి ఆంట్‌బర్డులు వెంట వస్తాయి. ప్యాంటు సాక్సులోకి దోపి, దండుకు పక్కగా నిలబడాలి, ఎదురుగా వద్దు.

నది ఒడ్డున మట్టి తినే చిలకల కోసం యసునీ జాతీయ ఉద్యానం ప్రాంతపు మట్టిగట్టు దగ్గర పొద్దున్నే పడవలో కాచుకోవాలి. వాన పడినా, డేగ ఒకటి తిరిగినా చిలకలు చెట్ల పైనే అరుచుకుంటూ ఉండి దిగవు. చాలామంది 8 గంటలకే నిరాశపడి వెళ్లిపోతారు. గైడు చెప్పేదాకా కదలకండి. అడవి లోపలి గట్టు దగ్గర చిన్న చిలకలు ఇంకా ఆలస్యంగా వస్తాయి.

వాగుల ఒడ్డు పొదల్లో హోట్సిన్ అనే పక్షి గుంపులు సులువుగానే కనపడతాయి. ఆకులే తింటుంది, వాటిని పొట్ట ముందు సంచిలో పులియబెట్టుకుంటుంది. పిల్లలకు రెక్కల మీద గోళ్లుంటాయి. నీళ్లలో పడితే వాటితో కొమ్మలు పట్టుకుని పైకి ఎక్కుతాయి.

యసునీలో 43వ బ్లాకు చమురు తవ్వకం ఆపాలని 2023 ఆగస్టులో ఈక్వడార్ ప్రజలు ఓటుతో నిర్ణయించారు, దాదాపు 59 శాతం మంది అనుకూలంగా ఓటేశారు. అక్కడి ఆన్యాంగూ కిచ్వా ఆదివాసీ సమాజం సొంతంగా లాడ్జి నడుపుకుంటోంది. ఇలాంటి చోట్లకే మన డబ్బు పోవాలని కార్యవర్గం నియమం పెట్టుకుంది.

గుంపు నడక, పరికరాలు

అడవి బాట ఇరుకు. ఒక గైడుకు ఆరేడుగురు దాటితే వెనకవాళ్లకు పక్షి కనపడదు. అందుకే ముందు స్థానాలు పూటకోసారి మార్చుకున్నాం. పక్షి ఎక్కడుందో చెప్పడానికి చెట్టు పేరు, ఆపైన గడియారం దిక్కు: 'సెక్రోపియా చెట్టు, రెండు గంటల వైపు, రెండో కొమ్మ.' వేలితో చూపిస్తే ఎవరికీ అర్థం కాదు, పక్షీ ఎగిరిపోతుంది.

అడవికి 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్లే తగినవి. 10x లో చేతివణుకు పెరుగుతుంది, చీకటి అడవిలో పక్షి వెంట తిప్పడం కష్టం. తడి వల్ల కటకాలకు బూజు పడుతుంది కాబట్టి రాత్రిళ్లు సిలికా జెల్ పొట్లాలతో మూతబిగిసే డబ్బాలో పెట్టాలి. రబ్బరు బూట్లు అమెజాన్ లాడ్జీలే ఇస్తాయి, మరీ పెద్ద సైజువారు ముందు కనుక్కోవాలి. పక్షుల్ని గుర్తించే మెర్లిన్ యాప్‌లో ఈక్వడార్ ప్యాకును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవాలి. ధ్వనిని గుర్తించే భాగం అక్కడ తప్పులు చేస్తుంది. గైడు ఒప్పుకోని ఏ పేరూ ఈబర్డ్ జాబితాలో ఎక్కించలేదు. కేవలం విన్న పక్షులకు 'విన్నది' అని రాశాం.

వచ్చే ఏడాది ప్రతిపాదన

ఈక్వడార్ దక్షిణ భాగంలో లోహా పరిసరాల పొడి అడవి, హోరూపే అభయారణ్యం, ఆ పైన తపిచలాకా అభయారణ్యం. 1997లో రాబర్ట్ రిడ్జిలీ కనుగొన్న హొకొటోకో ఆంట్‌పిట్టా తపిచలాకాలో ఉంది. నిలిచే చోట్లు తగ్గించి ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు ఉండేలా ప్రణాళిక వేశాం. వానల వల్ల రెండు వాలులకూ ఒకేసారి పొడికాలం దొరకదు కనుక నెలను సర్వసభ్య సమావేశంలో సభ్యులే నిర్ణయించాలి. ఆసక్తి ఉన్నవారు పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకు మించి ఉందో చూసుకుని, వీసా నియమాలు రాయబార కార్యాలయంలో కనుక్కుని, టీకా విషయం డాక్టరుతో మాట్లాడి, సమావేశానికి ముందే కార్యదర్శికి పేర్లు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యవర్గం