కాటా దగ్గర రాసిన ఉత్తరం

చిత్తూరు,
శనివారం రాత్రి

అమ్మణ్ణీ,

చేతిలో ఫోన్ పెట్టుకొని నాయన కాగితం మీద రాయడమేందని నవ్వుకుంటావేమో. ఫోన్లో అయితే మూడో మాటకల్లా నా నోట్లోంచి "ఎంసెట్ జవాబుల కీ చూసుకున్నావా, ఎన్నొస్తాయి?" అని ఊడి పడుతుంది. నువ్వు "చూస్తాన్లే నాయనా" అని ఫోను మీ పిన్నమ్మ చేతికిచ్చేస్తావు. నాలుగు రోజులుగా ఇదే వరస. కాగితం మీద అయితే రాసింది కొట్టేయొచ్చు. ఇప్పటికే రెండు కాగితాలు చించినా.

రాత్రి డ్యూటీలో ఉన్నా. సీజను గదా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి బండ్లు తూచే మన మండీ కాటా దాకా ట్రాక్టర్లు నిలబడిపోయి ఉన్నాయి. అన్నీ తోతాపురే. రైతులు కొందరు ట్రెయిలర్ కింద గోనెసంచులు పరుచుకొని నిద్రపోతా ఉన్నారు. నిద్ర పట్టని వాళ్లు ఫోన్లలో ఉన్నారు. "ఆ ఫ్యాక్టరీలో కిలో ఎంతంట? మీ ఊరోడికి ఎంత పడింది?" ఇదే మాట. గేటు దాటితే గానీ తమ కాయ ఎంతకు పోతుందో ఎవరికీ తెలీదు, తెలీదని తెలిసి కూడా అడగడం మానరు. మీ పిన్నమ్మ చెప్పింది, తిరుపతిలో ఆ బైరాగిపట్టెడ మిద్దె మీద నువ్వూ, నీ స్నేహితురాళ్లు ఇద్దరూ అర్ధరాత్రి దాకా ఇట్లాగే కూర్చుంటా ఉన్నారంట. కీ చూసుకుంటే ఒక పాపకు 96 వస్తా ఉన్నాయంట, నీకు 81 అంట. ఆ రాత్రి నువ్వు సంగటి ముద్ద ముట్టకుండా లేచిపోయినావంట.

చదువు గురించి నీకు చెప్పేంతటోణ్ణి కాను. తూకం గురించి చెప్తా, అది ఇరవై ఆరేళ్లుగా చూస్తా ఉన్నా.

ఈరోజు సాయంత్రం ఒకాయన బండి మన కాటా మీద 8,940 కిలోలు చూపించింది. ఫ్యాక్టరీ కాటాలో 8,910. ముప్పై కిలోలు మింగేసినారని వచ్చి నా మీద అరిచినాడు. విషయమేందంటే, ఇక్కడ తూకం వేసేటప్పుడు క్లీనర్ పిలగాడు కాయల మీదే పడుకొని ఉన్నాడు, అక్కడికి పోయేసరికి దిగి టీకి పోయినాడు. పిలగాడు సన్నం కాబట్టి ముప్పై కిలోలతో పోయింది! పైగా అది నిండు బండి బరువు. కాయలు దించి, ఖాళీ బండి మళ్లీ కాటా ఎక్కితే గానీ కాయ బరువు ఎంతో తేలదు. రెండో తూకం పడకముందే చీటీ పట్టుకొని కొట్లాడుకునే వాళ్లను రోజుకు పదిమందిని చూస్తా.

మీరు మిద్దె మీద చేస్తా ఉండేది ఇదే. ఆ పాప రాసింది ఒకరోజు పొద్దుటి షిఫ్టు, నువ్వు రాసింది ఇంకో రోజు మధ్యాహ్నం షిఫ్టు. 160 ప్రశ్నలూ వేరు. ఒక పేపరు తేలిగ్గా, ఒకటి కష్టంగా వస్తాయి కాబట్టే నార్మలైజేషన్ అని పెట్టి, షిఫ్టుల తేడా సరిచేసి అప్పుడు ర్యాంకులిస్తారని మీ సారే మీటింగులో మాకు చెప్పినాడు. ఫైనల్ కీ కూడా ఇంకా రాలేదు. అంటే రెండో తూకం ఇంకా పడలేదు. పడితే నీ 81 పెరుగుతుందని నేను చెప్పడం లేదు. తగ్గనూ వచ్చు. రెండు కాటాల చీటీలు పక్కపక్కన పెట్టుకొని ఏడవొద్దు అంటా ఉన్నా, అంతే.

ఇంకొకటి. ఇంటర్ మార్కులు కలుస్తాయి గదా అని మీ అమ్మ రోజూ ధైర్యం చెప్తా ఉంది. నేను రాత్రి క్యాలిక్యులేటర్ పెట్టుకొని కూర్చున్నా. ర్యాంకు లెక్కలో ఎంసెట్‌కు 75 శాతం (పేరు మార్చి ఐదేళ్లు దాటింది గానీ నా నోటికి ఈఏపీసెట్ తిరగదు), ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం. లెక్క వేస్తే ఎంసెట్లో నాలుగు మార్కులు, ఇంటర్లో 600కి 45 మార్కులు సమానమని తేలింది. రెండుసార్లు వేసి చూసినా, అంతే వచ్చింది. కాబట్టి ఇంటర్ మార్కులు ఆ పదిహేను మార్కుల తేడాను పూడుస్తాయని నీకు కల్లబొల్లి మాటలు చెప్పను. అదే లెక్కలో ఇంకోటి కూడా ఉంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో తొమ్మిది మార్కులు పోయినాయని పోయినేడు దసరా పండగ పూట తలుపేసుకొని ఏడ్చినావే, ఆ తొమ్మిదీ ఎంసెట్లో ఒక్క మార్కుకు కూడా సరిరావు. ఆ పండగ నీకూ పోయింది, మాకూ పోయింది.

ర్యాంకు వచ్చినాక కూడా ఇట్లాంటి తిరకాసే. విశాఖలో మీ పెద్దమ్మ కొడుకు ర్యాంకు, నీ ర్యాంకు పక్కన పెట్టి చూస్తే ఏమీ తెలీదు. వాళ్లది ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, మనది ఎస్వీయూ, అంటే తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. 85 శాతం సీట్లు ఎక్కడివాళ్లకు అక్కడే. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు వేరేగా చూస్తారు. మన కేటగిరీ ఇంకొకటి. అదే ర్యాంకుకు ఒకరికి సీటొస్తుంది, ఒకరికి రాదు. తప్పు జవాబుకు మార్కు పోదు గదా అని తెలియనివి కూడా ఒకటీ వదలకుండా నొక్కి వచ్చినానని చెప్పినావు చూడు, అది మంచి పని. ఆ మూడు గంటల్లో నువ్వు చేయాల్సింది చేసేసినావు.

ఇప్పుడు నా తప్పు చెప్తా. రాయడానికి కష్టంగా ఉంది.

మొన్న చలికాలంలో జేఈఈ మెయిన్‌లో నీకు 87 వచ్చిందని ఫోన్ చేసినావు. నువ్వు పర్సంటైల్ అన్నావు, నాకు పర్సంటేజీ అని వినబడింది. అది వినబడింది కూడా కాదు, నాకు కావాల్సింది నేను విన్నా. టీ అంగడికి పోయి మా పాపకు నూటికి 87 అని అందరికీ టీలు చెప్పినా. ఆడున్న ఒకాయన మావాడికి 91 అన్నాడు. అంతే, తాగే టీ చేదయిపోయింది. ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోగొట్టుకున్నావని ఆ రాత్రే నిన్ను అడిగినా, గుర్తుందా? నువ్వు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మీ సారు చెప్తే అర్థమయింది. నీ షిఫ్టులో రాసిన ప్రతి వందమందిలో 87 మంది నీతో సమానంగానో, నీ కన్నా తక్కువగానో ఉన్నారని దానర్థం. మార్కులైతే 300కి 74. రెండింటికీ పోలికే లేదు. నేను అడిగిన నాలుగు మార్కులు అసలు మార్కులే కాదు. కానీ అప్పటికే మండీ అంతా నీ నంబరు తెలిసిపోయింది. గంగజాతరలో వేషాలు చూడను పోయినప్పుడు మీ మేనమామ నలుగురిలో నిలబెట్టి "ఈసారన్నా 90 దాటుతావా" అన్నాడే, ఆ మాట అతని నోటికి అందించింది నేనే. నువ్వు తల దించుకొని బొరుగులు తింటా నిలబడినావు. నేను చూసి కూడా ఊరకున్నా.

నేను 1991లో ఇంటర్ రాసినా. డబ్బుల్లేక చదువు ఆపేసినానని నీకు చిన్నప్పటి నుంచి చెప్తా ఉన్నా. డబ్బులు లేని మాట నిజమే. కానీ ముందు నంబరు లేదు.

అప్పుడు ఫలితాలు పేపర్లో వచ్చేవి, ఒట్టి హాల్‌టికెట్ నంబర్లు, చీమల బారుల మాదిరి. తెల్లవారుజామున చిత్తూరు బస్టాండుకు వచ్చి, పేపర్ కట్ట విప్పుతానే ఒకటి కొని, టీ అంగడి ట్యూబులైటు కింద చూసినా. నా ముందు నంబరు ఉంది. నా వెనక నంబరు ఉంది. ఆ రెంటి నడుమ వేలు పెట్టి ఎంతసేపు నిలబడినానో తెలీదు. తొమ్మిది కిలోమీటర్లు నడిచి ఇంటికి పోయినా. ఇంకా రాలేదంట, రేపంట అని మీ తాతకు చెప్పి, పేపరు గడ్డివామిలో దోపేసినా. తాతకు చదువు రాదు, పట్టుకోలేడులే అని. మర్నాడూ అదే చెప్పినా. మూడో రోజు చెరకు గానుగ కాడ ఎవరో "మీవాడి నంబరు లేదంటనే" అన్నారంట.

సాయంత్రం తాత ఇంటికి వచ్చినాడు. కొడతాడని దొడ్లో నిలబడి ఉన్నా. ఆవుకు గడ్డి వేసి, చేతులు కడుక్కొని, "మూడు దినాలు ఒక్కడివే మోసినావా?" అన్నాడు. ఆపైన దాని ఊసే ఎత్తలేదు. నేను మళ్లీ పరీక్షకు కట్టలేదు. ఆయన కట్టమనే అన్నాడు, ఆ నంబర్ల కాగితం మళ్లీ చూడాల్సి వస్తుందని నేనే భయపడినా.

ఈ సంగతి మీ అమ్మకు కూడా నిన్ననే చెప్పినా. ఆమె నవ్వింది. పెళ్లప్పుడే తెలుసంట! ముప్పై మంది చుట్టాలున్న ఊళ్లో ఎట్లా దాగుతుందని అనుకున్నావు అనింది. ఆమె మాత్రం నీ రిజల్టు కోసం పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి స్వామి పటం కాడ పెట్టింది. అలిపిరి మెట్లెక్కి వచ్చి హుండీలో వేస్తుందంట. మోకాళ్ల నొప్పితో 3,550 మెట్లు ఎట్లా ఎక్కుతావే అంటే, "రిజల్టు ఏదయినా ఎక్కుతా, నువ్వు వస్తావా రావా?" అంటుంది. నేనూ వస్తా. నీకు ఇష్టమైతే రా, లేదంటే పిన్నమ్మ ఇంట్లో పడుకో.

నేను మొక్కు మొక్కలేదు గానీ ఒక మాట ఇస్తా. నీ మార్కులు గానీ, ర్యాంకు గానీ ఈసారి నా నోటితో ఒక్కరికీ చెప్పను. టీ అంగడిలో అడిగితే కాయ రేటు చెప్తా. మీ మేనమామ అడిగితే ఆయన కొడుకు సంగతి అడుగుతా. కాణిపాకం వినాయకుడి గుడిలో బావి కాడ నిలబెట్టి ప్రమాణం చెయ్యమన్నా చేస్తా, అక్కడ అబద్ధం ఆడితే ఏమవుతుందో మన జిల్లాలో పసిపిల్లోడికి కూడా తెలుసు. ఫలితం వచ్చిన రోజు నాకు చెప్పాలనిపిస్తే చెప్పు. ఆ రోజు చెప్పలేకపోతే మర్నాడు చెప్పు. మూడు దినాలు మాత్రం పట్టుకోవద్దు.

పక్కింటి అబ్బాయి రేపు పొద్దున తిరుపతి బస్సుకు వస్తా ఉన్నాడు, వాడి చేత ఒక మామిడిపండ్ల పెట్టె పంపిస్తా ఉన్నా. పైన ఉండేవి బేనీషా, రేపే తినొచ్చు. కింద గడ్డిలో ఉండేవి ఖాదర్, రెండు రోజులు ఆగాల. ఫ్రిజ్జులో పెట్టొద్దని పిన్నమ్మకు చెప్పు, రుచి చస్తుంది. ఆ 96 పాపకు కూడా నాలుగు కాయలు ఇవ్వు. ఆమె కూడా నిద్రపోయి ఉండదు.

గడ్డి కింద ఒక కవరు ఉంది. నా మార్కుల మెమో. ఆర్నెల్ల తర్వాత కాలేజీకి పోయి తెచ్చుకున్నా, మడత విప్పితే చిరుగుతుంది, జాగ్రత్త. లెక్కల రెండో పేపర్లో 75కి 19. నీ స్నేహితురాళ్లకు చూపించుకో, నాకేం పర్వాలేదు.

బండి వచ్చి హారన్ కొడతా ఉన్నాడు. పెట్టె మళ్లీ పంపించు, మండీది అది.

నాయన