బాడుగ నీ ఖాతాలోకే రానీ, తల్లీ

బుజ్జితల్లికి,

అమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో "నా ఫ్లాటు బాడుగ నీ ఖాతాలో వేయించుకోమ్మా, మందులకూ కూరలకూ ఉంటుంది, నాకు మాంచెస్టర్‌లో జీతం చాలు" అన్నావు. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ నాన్నకు చెబితే, "పిల్ల మనసు బంగారం, కానీ ఆ పద్ధతి కుదరదు" అన్నారు. ఇద్దరం కూర్చుని పాల లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో నీ ఫ్లాటు లెక్కంతా వేశాం. ఫోన్‌లో చెబితే "సరేలేమ్మా" అంటావు. అందుకే రాసి పంపుతున్నా. విమానం ఎక్కేలోగా ఒకసారి నిదానంగా చదువు.

బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఫ్లాటు నీ పేరున ఉంది. ఇల్లు ఎవరిదైతే బాడుగ వాళ్ల ఆదాయం. డబ్బు నా ఖాతాలో పడినా, మీ నాన్న ఖాతాలో పడినా పన్ను వాళ్లు దాన్ని నీ ఆదాయంలోనే కలుపుతారు. ఆస్తి నీ దగ్గర ఉంచుకుని దాని మీద వచ్చేది మాత్రం మరొకరికి రాసిస్తే చట్టం ఒప్పుకోదు. బాడుగను నీ ఎన్ఆర్ఓ ఖాతాలోకి, అంటే విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి ఆదాయం పడే ఖాతాలోకి రానీ. అక్కడి నుంచి మాకు ఎంత పంపాలనిపిస్తే అంత పంపు. కూతురు తల్లిదండ్రులకు ఇచ్చిన డబ్బు మీద మాకు పన్ను పడదు, ఎంతైనా సరే. చేరేది మా చేతికే, కానీ దారి సరైనది.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో నీకు తెలియాలి. నువ్వు హాస్టల్‌లో ఉన్నప్పుడు జరిగింది, నీకు చెప్పలేదు. రామమూర్తినగర్ ఇంట్లో మేడ మీద పోర్షను 14 వేలకు ఇచ్చాం. "అగ్రిమెంటులో 7 వేలు చాలు, అందరూ ఇట్లాగే రాసుకుంటారు" అని చుట్టాల్లో ఒకరు చెబితే అట్లాగే రాసుకున్నాం. మీ నాన్న రిటర్నులోనూ 7 వేలే చూపించారు. ఆ కుర్రాడు మాత్రం నెలనెలా 14 వేలకు రసీదు అడిగేవాడు, నేనే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. ఏడాదికి లక్ష దాటి బాడుగ కట్టేవాళ్లు జీతంలో వచ్చే ఇంటి బాడుగ భత్యం (హెచ్ఆర్ఏ) మీద పన్ను తగ్గింపు కోసం ఇంటి ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. ఆ కుర్రాడు ఇచ్చాడు. అతని తప్పేమీ లేదు. రెండేళ్లకు మీ నాన్న పేరున నోటీసు వచ్చింది. పన్నూ, దాని మీద వడ్డీ కట్టాం. ఐటీఐలో ముప్పై ఏళ్లు ఒక్క మెమో కూడా అందుకోని మనిషి ఆ కాగితం పట్టుకుని భోజనం బల్ల దగ్గర అన్నం ముట్టకుండా కూర్చున్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నీ అగ్రిమెంటులో అసలు బాడుగ 38 వేలే రాయిస్తా, ఒక్క రూపాయి అటూ ఇటూ ఉండదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. నువ్వు ఆగస్టు 20న బయల్దేరుతున్నావు. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే 142 రోజులు. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కన్నా తక్కువ ఉంటే ఆ ఏడాది మొత్తానికీ ఎన్ఆర్ఐ కిందే లెక్క. సంక్రాంతికి మూడు వారాలు వచ్చి వెళ్లినా 163 రోజులే అవుతాయి, ఏమీ మారదు.

దీనివల్ల బరువు పడేది నీ మీద కన్నా ముందు నీ ఇంట్లో దిగేవాళ్ల మీద. మామూలుగా ఇక్కడున్న ఓనరుకైతే నెలకు 50 వేలు దాటితేనే బాడుగకున్నవాళ్లు టీడీఎస్ పట్టుకోవాలి, అంటే బాడుగ ఇచ్చే ముందే అందులోంచి పన్ను తీసి కట్టాలి, అదీ 2 శాతం. ఓనరు ఎన్ఆర్ఐ అయితే ఆ 50 వేల హద్దు లేదు. ఎంత బాడుగైనా 30 శాతం, దాని మీద సెస్సు, మొత్తం 31.2 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. వాళ్లు అట్లా పట్టుకున్న పన్ను కట్టడానికి టాన్ అనే నంబరు తీసుకోవాలి, ప్రతి నెలా మరుసటి నెల 7 లోగా కట్టాలి, మూడు నెలలకోసారి దానికి రిటర్ను వేయాలి. పట్టుకోకపోతే ఆ సొమ్ము వడ్డీతో సహా వాళ్ల జేబులోంచి పోతుంది. బెంగళూరులో ఎంతోమందికి ఈ సంగతి తెలియదు. ఓనరు లండన్లో ఉంటే ఏంటి, అమెరికాలో ఉంటే ఏంటి, మనం జీపే చేస్తున్నాం కదా అనుకుంటారు. తెలిసీ చెప్పకుండా వాళ్లను ఇరికించడం మన ఇంటికి సరిపడదు, బుజ్జీ. ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తున్నవాళ్లు కొత్తగా పెళ్లయిన జంట, అమ్మాయిది అనంతపురం. బాడుగ మాట ఎత్తకముందే నీ సంగతి చెప్తా. వద్దనుకుంటే వెళ్లిపోనీ, ఇంకొకరు వస్తారు.

38 వేలల్లో 31.2 శాతం అంటే 11,856. నీ చేతికి వచ్చేది 26,144. ఫ్లాటు లోను ఈఎంఐ 52 వేలు. మిగతాది ప్రతి నెలా అక్కడి నుంచి పంపాలి, దానికి ఇప్పటి నుంచే సిద్ధంగా ఉండు.

అయితే నువ్వు నిజంగా కట్టాల్సిన పన్ను అంత ఉండదు. వచ్చే ఆర్థిక సంవత్సరానికి, ఇల్లు పన్నెండు నెలలూ బాడుగకు ఉన్నట్టు అనుకుని మీ నాన్న వేసిన లెక్క ఇది. ఏడాది బాడుగ 4,56,000. అందులోంచి ఇంటి పన్ను సుమారు 14 వేలు తీసేస్తే 4,42,000. దాని మీద 30 శాతం, అంటే 1,32,600, రిపేర్ల కింద ప్రభుత్వమే తగ్గిస్తుంది. ఈ 30 శాతానికి బిల్లులు అడగరు. నువ్వు రూపాయి ఖర్చు పెట్టకపోయినా ఇస్తారు, రంగులకూ గీజరుకూ బ్రోకరుకూ రెండు లక్షలు పెట్టినా అంతకు మించి పైసా ఇవ్వరు. కాబట్టి రంగుల బిల్లు దాచిపెట్టమని నాకు చెప్పకు. మిగిలిన 3,09,400 లోంచి లోను వడ్డీ 3,85,000 తీసేస్తే 75,600 నష్టమే తేలింది. బాడుగకు ఇచ్చిన ఇంటికి లోను వడ్డీ మొత్తం తీసేసుకోవచ్చు. రెండు లక్షల హద్దు నువ్వు సొంతానికి ఉంటున్నప్పుడు ఉండేది. ఆ 75,600 నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం పాత పన్ను పద్ధతిలో కుదురుతుంది, కొత్త పన్ను పద్ధతిలో కుదరదు. వెళ్లిన తర్వాత ఇక్కడ నీకు జీతమే ఉండదు కాబట్టి ఆ చర్చ మనకు అంతగా అక్కర్లేదు.

అంటే ఏడాదికి 1,42,272 రూపాయలు టీడీఎస్ కింద పోయి, నువ్వు రిటర్ను వేశాక తిరిగి వస్తుంది. అంతవరకూ ఆ సొమ్ము ప్రభుత్వం దగ్గరే. దీనికి ఒక దారి ఉంది. ఈ లెక్క చూపించి, తక్కువ టీడీఎస్ పట్టుకునేలా సర్టిఫికెట్ ఇవ్వమని ఆదాయపు పన్ను శాఖకు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది చేతికొస్తే దాంట్లో రాసిన రేటే పట్టుకుంటారు. నువ్వు వెళ్లే లోపే ఆడిటరు దగ్గర కూర్చుని అది వేయించు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది కదా, సెక్షన్ నంబర్లు మారాయి. మీ నాన్న దగ్గరున్న పాత నంబర్లు పట్టుకుని వెతక్కు, ఆడిటరునే అడుగు.

ఇంకో మాట. 12 లక్షల దాకా పన్ను లేదని మీ ఆఫీసులో అనుకుంటుంటారు. ఆ రిబేటు ఇక్కడ రెసిడెంట్లకే, నీకు రాదు. ఏటేటా లోను వడ్డీ తగ్గుతుంది, నాలుగైదేళ్లకు ఈ నష్టం లాభంగా మారుతుంది, అప్పుడు గుర్తుపెట్టుకో. అక్కడ ఇంగ్లాండులోనూ ఈ బాడుగ సంగతి చెప్పాల్సి ఉంటుంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ సర్దుబాటు అడగడానికి టీడీఎస్ కాగితాలూ ఇక్కడి రిటర్నూ ఆధారం, ఒక్కటీ పారేయకు.

ఇంటి పన్ను విషయం చాలామంది వదిలేస్తారు. నువ్వు ఇన్నాళ్లూ సొంతానికి ఉంటున్నట్టు రాసి కట్టావు. బెంగళూరులో బాడుగకు ఇచ్చిన ఇంటికి ఆ పన్ను రేటు రెట్టింపు. నేను 14 వేలు వేసింది ఆ రెట్టింపు లెక్కే. బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చినా మనం రాసిచ్చిందే ఆధారం, తప్పు రాస్తే తర్వాత జరిమానాతో వసూలు చేస్తారు. వచ్చే ఏప్రిల్‌లో బాడుగకు ఇచ్చినట్టు మార్చి నేనే కడతా, నీ ఖాతా నుంచే కడతా. ఓనరు ఆ ఏడాది నిజంగా కట్టిన పన్నునే బాడుగలోంచి తగ్గిస్తారు. అసోసియేషన్ మెయింటెనెన్స్ మాత్రం దిగేవాళ్లే నేరుగా కట్టేలా రాయిద్దాం. అది నీ బాడుగలో కలిస్తే లేనిపోని పేచీ.

అడ్వాన్సు గురించి కూడా. ఒకప్పుడు ఇక్కడ పది నెలల బాడుగ అడ్వాన్సు అడిగేవాళ్లు. మేం ఐదు నెలలు చాలన్నాం, 1,90,000. అది తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము కాబట్టి ఆదాయం కాదు, పన్ను లేదు. బ్యాంకు ద్వారానే తీసుకుంటాం, నగదు ముట్టుకోం. దాన్ని లోనుకు కట్టేద్దాం అన్నావు, వద్దు. వాళ్లు ఖాళీ చేసే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ రోజున వాళ్లు సామాను లారీ ఎక్కించి గుమ్మం దగ్గర నిలబడి అడిగితే ఇచ్చేలా ఉండాలి.

నీ తరఫున సంతకాలు పెట్టడానికి మీ నాన్న పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయించు. వెళ్లాక పంపించాలంటే అక్కడి భారత హైకమిషన్ చుట్టూ తిరగాలి. సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చమని బ్యాంకులో ఈ వారమే అడుగు.

నిన్న ఫ్లాటుకి వెళ్లి అల్మారాలు ఖాళీ చేశా. బాల్కనీలో నీ కరివేపాకు కుండీ కొత్త చిగురు వేసింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చా. దేవుడి గూట్లో నువ్వు పెట్టిన చిన్న వెండి దీపం మాత్రం అక్కడే ఉంది, దాన్ని నీతో తీసుకెళ్తావా, నా దగ్గర ఉంచనా?

ఆదివారం రాత్రి అగ్రిమెంటు ముసాయిదా నీకు వాట్సాప్‌లో పంపిస్తా. నువ్వు ఎన్ఆర్ఐవని, టీడీఎస్ పట్టుకోవాల్సింది వాళ్లేనని రాసిన పేరా రెండో పేజీలో ఉంటుంది. అది చదివాకే సరే అను.

ఇట్లు,
అమ్మ