మూడు పుస్తకాల జమాఖర్చులు, నాటకం పుస్తకానికి అంత ఎందుకైందో కూడా

సభ్యులందరికీ, చందాదారులకీ, విరాళాలిచ్చిన పెద్దలకీ నమస్కారమండి. కథలు, కవిత్వం, నాటకం మూడు పుస్తకాలూ అచ్చయి చేతికొచ్చాయి, పంచడం కూడా దాదాపు అయిపోయినట్టే. లెక్కలు వేసవి సెలవుల్లో తీరిగ్గా కూర్చుని చెబుదాం అనుకున్నాం గానీ, వాట్సాప్ గ్రూపులో ఒకరు "నాటకానికి ముప్పై ఎనిమిది వేలా?" అని పెట్టడం, దాని కింద టపటపా బొటనవేళ్ళు పడటం చూశాక ఇంక ఆగడం బాగోదని ఇప్పుడే రాస్తున్నాం. అడగడం తప్పేం కాదండి, మీ డబ్బు. కాకపోతే కమిటీలో ఎవరో ఒకరికి ఫోన్ కొట్టి ఉంటే బిల్లు ఫోటో ఆ నిమిషంలోనే పంపేవాళ్ళం. సరే, ఇప్పుడైనా మించిపోయింది లేదు.

ముందు జమ.

మూడు పుస్తకాల సెట్టుకి ముందస్తు చందా 500 చొప్పున 148 మంది కట్టారు: రూ. 74,000
విరాళాలు, 10,116 ఇచ్చినవారు ఒకరు, 5,116 ఇచ్చినవారు నలుగురు, 1,116 ఇచ్చినవారు పదిహేను మంది: రూ. 47,320
ఆవిష్కరణ రోజు అమ్మకం: రూ. 11,450
బ్యాంకు వడ్డీ: రూ. 312
మొత్తం జమ: రూ. 1,33,082

విరాళాలిచ్చినవాళ్ళలో సగం మంది పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యలేదు, కొందరికి వేసి కొందరికి మానేస్తే అదో గొడవ. మీరు ఇవ్వకపోతే ఈ పుస్తకాలు లేవు, ఆ మాట మాకు తెలుసు.

ఇప్పుడు ఖర్చు. గొడవ లేనివి ముందు చెప్పేస్తాం.

కంపోజింగ్, మూడూ కలిపి 400 పేజీలు, పేజీకి 30 చొప్పున: రూ. 12,000
కవర్ బొమ్మలు రెండింటికి (కవిత్వం కవర్ వేసినాయన పైసా తీసుకోలేదు): రూ. 5,000
ప్రూఫుల ప్రింటవుట్లు: రూ. 1,240. ప్రూఫులు దిద్దిన ఇద్దరు రిటైర్డ్ తెలుగు మాస్టార్లూ ఏమీ పుచ్చుకోలేదు, బస్సు చార్జీలు కూడా వాళ్ళవే.
కథల పుస్తకం, 160 పేజీలు, 500 కాపీలు, కాగితం, అచ్చు, బైండింగ్ అన్నీ: రూ. 31,000
కవిత్వం, 96 పేజీలు, 500 కాపీలు: రూ. 22,000. పేజీలో సగం ఖాళీగా వదిలేశారని ఒకాయన అన్నారు, కవిత్వమండి, కవిత ఎక్కడ ఆగితే పేజీ అక్కడ ఆగుతుంది.
విజయవాడ నుంచి అమలాపురం ట్రాన్స్‌పోర్టు, హమాలీ, ఆటో: రూ. 2,850
ఐఎస్‌బీఎన్ నంబర్లు (పుస్తకం వెనక వేసే గుర్తింపు నంబర్లు): ఖర్చు లేదు. అవి మన దేశంలో ఉచితమే, దీనికి కూడా డబ్బు రాశారా అని చూసినవాళ్ళ కోసం చెప్తున్నాం.

పోస్టు, ప్యాకింగ్: రూ. 5,500. ఇందులో 240 రూపాయలు కలకత్తా, ముంబై, చెన్నై, ఢిల్లీ లైబ్రరీలకి పంపిన కాపీలవి. 1954 చట్టం ప్రకారం ఏ పుస్తకం అచ్చేసినా ప్రచురించినవాళ్ళు ఈ నాలుగు చోట్లకీ తలో కాపీ పంపాలి, చిన్న ప్రచురణకర్తలు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు, మేం పంపాం, రసీదులున్నాయి. మిగతాది 94 మంది చందాదారులకి వెళ్ళిన ప్యాకెట్లది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశాక పుస్తకం పంపడం పుస్తకం కొన్నంత పనైపోయింది, 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు గాబట్టి బతికాం. అందులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పైన టాక్స్. మన సెట్టు అరకిలో మీద కొంచెం మొగ్గుతుంది. అది నేల దారిన వెళ్ళే పోస్టు, అందుకే హైదరాబాదు, బెంగళూరు వాళ్ళకి ఆలస్యంగా అందాయి. కొరియర్‌లో పంపొచ్చు కదా అన్నవాళ్ళు ఆ రేటు ఒకసారి కనుక్కోండి.

కాగితం గురించి కూడా ఒక మాట. "రాజమండ్రిలో పేపర్ మిల్లు పెట్టుకుని విజయవాడ రేటుకి కాగితం కొనడమేంటి" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మిల్లు మన ఊరి పక్కన ఉంటే మనకి రెండు కట్టలు తలుపు దగ్గర ఇవ్వరండి, డీలరు దగ్గరే కొనాలి, డీలరు రేటు ఎక్కడైనా అదే. పైగా పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ కాగితం మీద ఉంది, అది మనం తిరిగి రాబట్టుకోలేం. ఇక్కడి ప్రెస్సులు శుభలేఖలూ కరపత్రాలూ భేషుగ్గా చేస్తారు, పుస్తకం బైండింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం విజయవాడే గతి.

ఇక నాటకం. 144 పేజీలు, 500 కాపీలు: రూ. 38,250.

160 పేజీల కథల పుస్తకానికి 31 వేలైతే దానికన్నా చిన్న పుస్తకానికి 38 వేలెలా అయ్యాయన్నది ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మొదట ప్రెస్ వాళ్ళిచ్చిన కొటేషన్ 23,000, అది 112 పేజీలకి, మామూలు గమ్ బైండింగ్‌కి. దాని మీద పెరిగినవి మూడు: పేజీలు పెరిగినందుకు 5,500, కుట్టు బైండింగ్‌కి 7,000, రెండు ఫారాలు (ఫారం అంటే 16 పేజీలు) మళ్ళీ అచ్చేసినందుకు మన వాటా 2,750. కూడుకోండి, సరిపోతుంది.

పేజీలు ఎందుకు పెరిగాయంటే, నాటకం పుస్తకాన్ని కథల పుస్తకంలాగా పడక్కుర్చీలో కూర్చుని చదివేవాళ్ళు తక్కువ, చేత్తో పట్టుకుని నిలబడి చదివేవాళ్ళు ఎక్కువ. కథల పుస్తకానికి పెట్టిన అక్షరం సైజే పెట్టి ఒక నమూనా తీసి రిహార్సల్‌కి ఇస్తే, ట్యూబ్‌లైట్ కింద యాభై దాటిన నటులు ఒక్కొక్కరూ కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ పక్కవాడి డైలాగు చదివేస్తున్నారు. అందుకని అక్షరం 14 పాయింట్లు చేశాం, పాత్ర పేరు లావు అక్షరంలో విడిగా పెట్టాం, డైరెక్టరు పెన్సిల్‌తో రాసుకోడానికి పక్కన మార్జిన్ వదిలాం. దాంతో ఏడు ఫారాలు తొమ్మిదయ్యాయి. కవిత్వంలో ఖాళీ వదిలారన్నాయనే ఇక్కడా ఖాళీ వదిలారన్నారు, ఇదిగో ఇందుకు వదిలాం.

కుట్టు బైండింగ్ సంగతి. కాపీకి 14 రూపాయలు ఎక్కువ, కమిటీలోనే ఒకరు ఒద్దన్నారు, మినిట్స్ పుస్తకంలో వారి అభ్యంతరం కూడా రాశాం. మిగతావాళ్ళం ఎందుకు ఒప్పుకున్నామంటే రిహార్సల్‌లో పుస్తకాన్ని ఎవరూ మర్యాదగా తెరవరు, వెనక్కి పూర్తిగా మడిచి ఒక్క చేత్తో పట్టుకుంటారు, రెండో చెయ్యి అభినయానికి కావాలి కదా. గమ్ బైండింగ్ అలా పది రోజులు మడిస్తే నడుం దగ్గర ఫట్‌మని విరుగుతుంది, మొదటి అంకం ఒకరి సంచిలో, రెండో అంకం ఇంకొకరి జేబులో తేలతాయి. అప్పుడు నాటక సమాజం వాళ్ళు ఒక కాపీ కొని తొమ్మిది జిరాక్సులు తీస్తారు, రచయితకీ మనకీ ఏమీ రాదు. కుట్టిన పుస్తకం ఎంత మడిచినా కాగితం ఊడదు. నాటకం అచ్చెయ్యడమంటూ చేస్తే ఆడేవాళ్ళకి పనికొచ్చేలా చెయ్యాలి, లేకపోతే మానెయ్యాలి. ఇది ఇప్పటికీ మా అభిప్రాయం, రేపు ఇంకో నాటకం వేసినా ఇలాగే కుట్టిస్తాం.

మూడోది ఆ 2,750. ఇది మాకూ కడుపుమంటే. పీడీఎఫ్ ఫైనల్ అయ్యాక రెండు ఫారాల్లో చిన్న దిద్దుబాట్లు చెప్పాం, కొత్త పీడీఎఫ్ సాయంత్రానికి పంపుతామన్నాం. అంతదాకా ఆగకుండా ప్రెస్సులో వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఫైలు తెరిచి దిద్దేశారు. దానికి యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే తెలుగు, పడదు. వత్తులన్నీ అక్షరాల కింద నుంచి లేచొచ్చి పక్కన కూర్చున్నాయి, 32 పేజీలూ అలాగే, 500 కాపీలూ అచ్చయిపోయాయి. తప్పు పూర్తిగా వాళ్ళదే అని మేం, ఫైనల్ చెప్పాక దిద్దుబాట్లు అడిగింది మీరేగా అని వాళ్ళు. మళ్ళీ అచ్చెయ్యడానికి 5,500. పట్టుపడితే మిగతా ఏడు ఫారాలూ వాళ్ళ గోడౌన్‌లోనే ఉన్నాయి, పుస్తకం ఇంకో రెండు నెలలు బయటికి రాదు, అందుకని చెరిసగం అని తేల్చుకుని వచ్చాం. ఇదే పని మీలో ఎవరు వెళ్ళినా ఇంతకన్నా బాగా తేల్చుకొచ్చేవారేమో, వచ్చేసారి తప్పకుండా రండి, తోడు కావాలి.

ఆలస్యం కూడా నాటకం వల్లే. సంక్రాంతికన్నాం, ఉగాది దాటింది. నాటకం పాతికేళ్ళ కిందటి ఫైల్లో ఉంది, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్స్ అనే పాత తెలుగు అక్షరాల్లో, యూనికోడ్‌లోకి మారిస్తే లైనుకి రెండు మూడు అక్షరాలు తారుమారు, చివరికి మొత్తం కొత్తగా టైపు చేయించాం. తర్వాత ప్రూఫు దిద్దిన మాస్టారు అలవాటు కొద్దీ గోదావరి లంకల రైతుల డైలాగులన్నీ ఎర్ర పెన్నుతో పాఠ్యపుస్తకం తెలుగులోకి మార్చేశారు. "ఏటి బాబా, ఎల్లిపోతన్నావా" అన్నది "ఏమిటి నాయనా, వెళ్ళిపోతున్నావా" అయింది. రచయితగారు చూసి ఒక్క మాటా అనలేదు, కూర్చుని అన్నీ మళ్ళీ వెనక్కి మార్చారు. మాస్టారు పెద్దవారు, ఉచితంగా చేశారు, ఆయన్ని ఎవరూ ఏమీ అనకండి. ఇంతలో డిసెంబరు వచ్చింది, ఆ నెల ప్రెస్సులన్నీ క్యాలెండర్లూ డైరీల మీదే ఉంటాయి, మన 500 కాపీలు వాళ్ళకి ఆనవు.

ఆవిష్కరణ సభ: రూ. 11,500. హాలు 3,000, మైకు 1,500, ఫ్లెక్సీ 800, టిఫిన్లూ టీలూ 6,200. శాలువాలు ఎవరికీ కప్పలేదు, దానికీ ఒకరిద్దరు నొచ్చుకున్నారని విన్నాం. ఆత్రేయపురం నుంచి పూతరేకులు సొంత డబ్బుతో తెచ్చిన చందాదారుకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, అవి ఈ లెక్కలో లేవు.

ఆ రోజు నాటకంలో ఒక రంగం ఆడించినందుకు: రూ. 6,000. దీని మీదా గుసగుసలున్నాయి. నరసాపురం నుంచి వచ్చిన కళాకారులు పారితోషికం అడగలేదు. వ్యాను 3,500, మేకప్, భోజనాలు 2,500. పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి వచ్చేస్తే చవక కదా అన్నారు. మనుషులైతే వచ్చేద్దురు, తెరలూ సామానూ ఉన్నాయి, తిరుగు ప్రయాణం రాత్రి, అందుకే వ్యాను చించినాడ వంతెన మీదుగా తిప్పాల్సొచ్చింది.

మొత్తం ఖర్చు: రూ. 1,35,340
జమ కన్నా ఎక్కువైంది: రూ. 2,258. ఇది ప్రస్తుతానికి కమిటీలో ఇద్దరు సర్దారు.

ఇప్పుడు రావలసినవి. "మా పేరు రాసుకోండి" అని చెప్పి ఇప్పటిదాకా కట్టనివాళ్ళు 41 మంది, 20,500. వాళ్ళలో కొందరు సభకొచ్చి టిఫిన్ తిని సెట్టు తీసి పెట్టమని కూడా చెప్పారు, తీసి పెట్టాం, ఇంకా అలాగే ఉన్నాయి. మైకులో 10,116 ప్రకటించినవారు ఒకరు, చప్పట్లు మాత్రం అప్పుడే అందుకున్నారు. ఈ రెండూ వస్తే అప్పు తీరి 28,358 మిగులుతుంది, తర్వాతి పుస్తకానికి మొదలు అదే. పేర్లు పెట్టం, ఎవరికి వారికి తెలుసు.

మిగిలిన కాపీలు: కథలు 236, కవిత్వం 258, నాటకం 261. చందాదారుల 148 కాక రచయితలకి 25, దాతలకి 20, సమీక్షలకి 12, లైబ్రరీలకి 10, చట్టం ప్రకారం 4, ఇవి మూడు పుస్తకాలకీ సమానం. సభలో అమ్మినవి కథలు 45, కవిత్వం 23, నాటకం 20. నాటకమే తక్కువ అమ్మిందని ఎత్తిచూపేవాళ్ళకి ఒకటి చెప్పాలి, సభ అయ్యాక రెండు నాటక సమాజాల వాళ్ళు పన్నెండేసి కాపీలు అడిగారు, జిరాక్సులు కాదు, పుస్తకాలే. డబ్బు ఇంకా రాలేదు కాబట్టి జమలో రాయలేదు, పుస్తకాలూ ఇవ్వలేదు. నాటకం వెల 120 అని ముందే ప్రకటించేశాం కాబట్టి ఖర్చు పెరిగినా పెంచలేదు. షాపుల వాళ్ళు 40 శాతం కమిషన్ అడుగుతున్నారు, అలా ఇస్తే మనకి వచ్చేది 72, కాపీకి అచ్చుకూలే 76 దాటింది. అందుకని నాటకం మాత్రం షాపుల్లో పెట్టట్లేదు, నేరుగా మన దగ్గరే.

బిల్లులు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, మినిట్స్ పుస్తకం అన్నీ ఒక ఫైల్లో పెట్టి కోశాధికారి ఇంట్లో ఉంచాం. ఏ ఆదివారమైనా పొద్దున్న పది తర్వాత రండి, చూసుకోండి, టీ మాది. కట్టాల్సినవాళ్ళు వస్తూ కట్టేస్తే తీసి పెట్టిన సెట్టు కూడా అప్పుడే పట్టుకెళ్ళొచ్చు.

కమిటీ తరఫున,
కార్యదర్శి, కోశాధికారి