ఆ పొగకు అలవాటు పడలేను

సంపాదకులకు నమస్కారం.

అమ్మకు తుంటి ఎముక విరిగిందంటే ఆషాఢంలో బోధన్ దగ్గర మా ఊరికి వెళ్లాను. ఆమె కర్ర పట్టుకుని వాకిట్లోకి నడిచేదాకా ఉండి, కార్తీక పౌర్ణమి వెళ్లాక కూకట్‌పల్లికి తిరిగొచ్చాను. పాతికేళ్లుగా ఉంటున్న ఇల్లే. అయినా మొదటి రెండు మూడు రోజులు హారన్ల మోతకు నిద్ర పట్టలేదు. తర్వాత పట్టింది. ట్యాంకర్ నీళ్లకూ మళ్లీ అలవాటు పడ్డాను. పొద్దుటి పొగ దగ్గరే ఆగిపోయాను.

ఆరు కాకముందే మా వీధి మలుపులో ఆకుల కుప్ప అంటుకుంటుంది. ఒకరోజు దగ్గరికెళ్లి చూశాను. ఉత్త ఆకులు కావు. పాల ప్యాకెట్లు, టీ కప్పులు, కొరియర్ కవర్లు, ఎవరో పారేసిన థర్మాకోల్ ముక్క. దాని అంచులు ముడుచుకుపోయి నల్లటి చుక్కలుగా కారుతున్నాయి. పొగ పైకి లేవడం లేదు, మోకాళ్ల ఎత్తున వీధి పొడవునా పాకి ఇళ్లలోకి దూరుతోంది. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, దాని పైన వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూత పెట్టినట్టు పొగను కిందే ఆపేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నమైతే ఎటో చెదిరిపోయేది, ఇప్పుడు గంటల తరబడి మన మధ్యే ఉంటోంది. మా కింది ఇంట్లో మూడేళ్ల బాబుకు రాత్రిళ్లు నెబ్యులైజర్ పెడుతున్నారు. నేను దగ్గుతుంటే మాత్రం అందరూ, "ఊరి నుంచి వచ్చారు కదా, వారం పోతే అలవాటవుతుంది" అంటున్నారు.

ఊళ్లో పొగ లేదని చెప్పను. వరికోతలయ్యాక కొయ్యకాళ్లు కాల్చేవాళ్లు మా దగ్గరా ఉన్నారు, అదీ తప్పే. కానీ వాకిలి ఊడ్చిన ఆకులకు ఎవరూ అగ్గిపుల్ల గీయరు. అవి పెంటలో పడి, మాగి, ఎండాకాలం పొలానికి చేరతాయి.

చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుప్పను కదుపుతున్న, వీధులు ఊడ్చే అక్కను అడిగాను, ఎందుకు కాలుస్తున్నావని. "ఆకులు బండోళ్లు తీస్కపోరమ్మా. కుప్ప గిట్లనే ఉంటే మమ్మల్నే అంటరు" అంది. ఆ పొగ ముందు పీల్చేది ఆమే.

బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని 2016 డిసెంబర్‌లోనే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. గాలి బాగుచేయాల్సిన నగరాలంటూ 2019లో కేంద్రం పెట్టిన పథకంలో హైదరాబాద్ కూడా ఉంది. ఆ జరిమానా ఆ అక్క మీద వేయమని నేను అడగను. మున్సిపల్ అధికారులు ఆకులు తీసుకెళ్లే బండి పంపితే చాలు. కార్తీకం నుంచి మాఘం దాకా వారానికి రెండుసార్లు వచ్చినా సరే. పాల ప్యాకెట్లు వీధిలో పారేయడం మానాల్సింది మాత్రం మేమే, అందులో ఇంకొకరిని అనేదేమీ లేదు.

మా కాలనీ పార్కులో వాచ్‌మన్ గది వెనక ఖాళీ జాగా ఉంది. అక్కడ ఆకులకు ఒక గుంత తవ్వుకోవడానికి అధికారులు అనుమతిస్తే, తవ్వకం ఖర్చు పెట్టుకోవడానికి మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్లవాళ్లం ఇప్పటికే ఒప్పుకున్నాం.

— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్